మణికట్టుకు చుట్టుకున్న పగ్గం

నా కొడుకు పగ్గాన్ని పిడికిట్లో పట్టుకోలేదు, మణికట్టుకు చుట్టుకున్నాడు. అది కంటబడగానే నేను కంచె కట్టెను పట్టుకున్నాను.

అప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. నంగలి దాటాక మామిడితోటల మధ్య, కట్టెల కంచె వేసి ఇసుక పోసిన ఆవరణ అది. మధ్యలో ఒక ముసలి ఆడగుర్రం, దాని పక్కన ఆరేళ్ళ మావాడు. గుర్రం కళ్ళు అరమూసుకొని, కింది పెదవి వేలాడేసి, వెనక కాలు ఒకటి వంచి నిలబడింది. వాడికి మొదటిసారి పగ్గం అప్పజెప్పి, ఆ తోటలో గుర్రాలను పెంచే మేడమ్ అవతలి కొసన ఉన్న నీళ్ళతొట్టి దగ్గరికి వెళ్ళారు. కంచె బయట నేనూ, తొమ్మిదేళ్ళ నా కూతురూ. మా వెనక సిమెంటు బెంచీ మీద మామగారు. ఎండ ఇంకా ఎక్కలేదు. చూసేవాళ్ళకు అంతా నిమ్మళంగా ఉంది.

కానీ వాడి కుడి మణికట్టు చుట్టూ ఆ తాడు చుట్ల మీద చుట్లు తిరిగి ఉంది.

తాడును చేతికి చుట్టుకోకూడదన్నది ఆ తోటలో మాకు చెప్పిన మొదటి నియమం. మడతలు వేసి పిడికిట్లో పట్టుకోవాలి, అంతే. గుర్రం బెదిరి పరుగెత్తితే మడతలు జారిపోతాయి. చుట్టు జారదు, బిగుసుకుంటుంది. "వేళ్ళు పోగొట్టుకున్నోళ్ళను చూసినాను, తోట పొడుగునా ఈడ్చుకుపోయినోళ్ళను కూడా చూసినాను" అని మేడమ్ మొదటిరోజే నా ముఖంలోకి చూస్తూ చెప్పారు. మావాడు పక్కనే ఉండి విన్నాడు, తల ఊపాడు. ఆ తర్వాత ఎన్నో వారాలు మేడమ్ పక్కన నడుస్తూ తాడు కొస పట్టుకున్నాడు. ఒక్కసారీ తప్పలేదు. ఇప్పుడు ఆవిడ దూరం వెళ్ళి, అంత పెద్ద ప్రాణి పక్కన తాను ఒక్కడే మిగిలేసరికి, వాడి చెయ్యి దానంతటదే తాడును చుట్టేసుకుంది.

అలా చుట్టుకోమని వాడికి నేర్పింది మామగారే. నేర్పి, వాడి ప్రాణం నిలబెట్టారు.

మామగారు కోలారు బంగారు గనిలో, భూమి కింద పని చేసిన మనిషి. కింద కూలినప్పుడు లోపల చిక్కుకున్నవాళ్ళను పైకి తెచ్చే జట్టులో చాలా ఏళ్ళు ఉన్నారు. నేను కోలారు పక్కన తమకలో టీచర్ల ఇంట్లో పుట్టి, ఆండర్సన్‌పేటకు కోడలిగా వచ్చేసరికి గనులు మూతపడి ఎంతో కాలమైంది. గని పోయినా దాని అలవాట్లు ఇంట్లోంచి పోలేదు. ఎక్కడైనా దడదడమని శబ్దమై, అటక మీద గిన్నెలు ఒక్కసారి గలగలమంటే చాలు, మామగారి చెయ్యి పైకి లేస్తుంది. ఇంట్లో అందరూ ఎక్కడివాళ్ళు అక్కడే ఆగిపోవాలి. పొయ్యి దగ్గర గరిటె ఆగుతుంది, నోట్లో ముద్ద ఆగుతుంది, ఊపిరి కూడా ఆగుతుంది. పూర్వం కింద బండ పగిలితే పైన ఇళ్ళు కదిలేవట. దాన్ని వాళ్ళు ఏర్‌బ్లాస్ట్ అంటారు. ఆ తర్వాత సైరన్ మోగుతుందా లేదా అని ఊరంతా చెవులు రిక్కించి వినేదట. మోగితే ఎవరింట్లోనో మనిషి పోయినట్టు. కింద ఉన్నవాళ్ళకూ అదే పద్ధతి. కూలిన చోట కదలకూడదు, అరవకూడదు, బండ చేసే శబ్దం వినాలి.

కొత్త కోడలిగా నేను దీన్ని చూసి నవ్వుకున్నాను. లారీ పోయినా చెయ్యి లేపుతారేమిటని మా ఆయనతో అంటే, "నువ్వు నవ్వు. మా అవ్వ అట్ల నిలబడి సైరన్ వినిన పొద్దే ముగ్గురు కొడుకుల్లో ఒకణ్ణి పోగొట్టుకునింది" అన్నాడు. ఆ తర్వాత నేను నవ్వలేదు.

కిందటి వానాకాలంలో, మా ఇళ్ళ వరుస వెనక పిల్లలు ఆడుకునే ఖాళీ జాగా కుంగింది. బంగారం తీసేశాక గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ వైపు పోయే దారి పక్కన ఉంటుంది ఆ జాగా. రోజుల తరబడి పట్టిన ముసురుకు నేల నాని, మావాడి కాళ్ళ కింద ఉన్నట్టుండి తెరుచుకుంది. నా కూతురు వాడి పక్కనే ఉంది. అది పరుగున వచ్చి "తాతా, తమ్ముణ్ణి భూమి మింగేసింది" అని అరిచిన అరుపు ఈ జన్మకు నా చెవుల్లోంచి పోదు.

మేము వెళ్ళేసరికి గుంతలో మావాడి తల, భుజాలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఛాతీ దాకా మట్టి. అంచు నుంచి ఇంకా పెళ్ళలు జారుతున్నాయి. నేను పేరు పెట్టి అరవబోతే మామగారు నా నోరు మూశారు. వీధి తలుపొకటి ఊడదీయించి, అంచున పరచి, దాని మీద బోర్లా పడుకొని, గుంతలోకి తల వంచి, ఎంతో నెమ్మదిగా మాట్లాడారు.

"నాయనా, నేను తాతను. నన్ను చూడు. కదలొద్దు. అరవొద్దు. నోరు తెరవొద్దు, మన్ను పడతాది. తాడు వస్తా ఉండాది చూడు, దాన్ని చేతికి చుట్టుకో. ఇంగా చుట్టు. ఇంగా. అంతే. నేను ఇడవమనేదాకా ఇడవొద్దు."

పాతకాలం గని మనుషులు ఇద్దరు మామగారి కాళ్ళు పట్టుకున్నారు. మట్టి తీస్తూ, తాడు బిగిస్తూ, మళ్ళీ మట్టి తీస్తూ చాలాసేపు పట్టింది. బయటికి వచ్చిన మావాడికి గీరుకుపోయిన చర్మం తప్ప దెబ్బే లేదు. ఊరంతా తాతను మెచ్చుకుంది. పిల్లవాణ్ణి కూడా మెచ్చుకుంది. ఒక్క ఏడుపు లేదు, ఎంత గట్టివాడమ్మా అని.

వాడు ఆ తర్వాత కూడా ఏడవలేదు. మాట్లాడలేదు కూడా. ఏదైనా కావాలంటే అక్క చెవిలో గుసగుసగా చెప్పేవాడు, ఆ మాట అది మాకు చేరవేసేది. "అమ్మా, వీనికి నీళ్ళు కావాలంట." "అమ్మా, వీనికి తలుపు వెయ్యొద్దంట." వాడి పక్కనే ఉండి వాడి మాటలు మోస్తూ, బడికి పోవాలన్నా అది విసుక్కునేది. ఒకరోజు సాయంత్రం ఏడుస్తూ నా దగ్గరికి వచ్చి, "నేను చచ్చిపోతే వీడు ఎవరితో చెప్తాడమ్మా?" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల ఆలోచించాల్సిన మాట కాదది. ఆ రోజుతో నేను ఆగలేకపోయాను. కోలారులో పిల్లల మనసు డాక్టరుకు చూపించాం. ఆవిడ కొన్నాళ్ళు బొమ్మలతో, ఇసుకతో ప్రయత్నించి, "నంగలి దగ్గర గుర్రాలతో పిల్లలకు వైద్యం చేసే ఒకావిడ ఉంది, వెళ్ళి చూడండి" అని దారి చెప్పారు.

గుర్రాలనగానే మా అత్తగారు బుగ్గన వేలేసుకున్నారు. "దర్గాలో తాయెత్తు కట్టిస్తామంటే చదువుకున్నదానివి వద్దంటివి. గుర్రం నోట్లోంచి మాటలొస్తాయా ఇంగ?" ఎదురింటి ఆమె నీళ్ళ పంపు దగ్గర నన్ను పట్టుకొని, "ఏమ్మా, కొడుకుకు గుర్రప్పందేలు నేర్పిస్తా ఉండావంట. గెలిస్తే మమ్మల్ని మరిచిపోవద్దు తల్లీ" అంది. మా ఆయన తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి చీకటి పడ్డాక దిగే మనిషి. "చూడు, నీ మనసు కుదుటపడేట్టుంటే చూడు" అన్నాడు. ఆ మాటలో నమ్మకం లేదు, అడ్డూ లేదు. అలా ఆదివారం ఆదివారం ముళబాగిలు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి నంగలికి ఇంకో బస్సు, తర్వాత నడక.

మేడమ్ పద్ధతి నేను ఊహించినట్టు లేదు. అక్కడ ఎవరూ గుర్రం ఎక్కరు. పందేల నుంచి విశ్రాంతి ఇచ్చిన గుర్రాలను ఆవిడ తెచ్చుకొని పెంచుతున్నారు. వచ్చినవాళ్ళు వాటి పక్కన నిలబడతారు, ఒళ్ళు రుద్దుతారు, నడిపిస్తారు. మేము వెళ్ళే వేళకే ఒక రిటైరైన సైనికుడు వచ్చి, గుర్రం మెడకు నుదురు ఆనించి గడ్డి నమిలే చప్పుడు వింటూ ఉండిపోయేవాడు. అదేం వైద్యమో నాకు అప్పట్లో అర్థం కాలేదు. మావాడు మొదట్లో కంచె దాటలేదు. తర్వాత దాటాడు. తర్వాత ఆ ముసలి ఆడగుర్రం వీపు మీద బ్రష్షు ఆడించాడు. ఆ రోజు గుర్రం హాయిగా నిట్టూర్చింది. వాడు చేతిని గబుక్కున వెనక్కి తీసి, మళ్ళీ పెట్టాడు.

ఒకసారి మేడమ్ నన్ను పక్కకు పిలిచారు.

"మీ ఇంట్లో అందరూ ఇంతేనా?" అన్నారు.

"ఎంతే మేడమ్?"

"ఊపిరి బిగబట్టేది. ఇందాక గేటు టప్పుమంటే మీరు ముగ్గురూ ఒకే మాదిరి ఆగిపోయినారు. నేను మిమ్మల్ని చూళ్ళేదు, గుర్రాన్ని చూసినాను. అది తల ఎత్తింది."

గనుల సంగతి చెప్పాను. ఆవిడ గుర్రాన్ని చూపించారు. "బండ కింద ఉండేవాళ్ళకు అది సరే. గుర్రాల మందలో ఒకటి మేత ఆపి ఊపిరి బిగబట్టిందంటే చిరుత వచ్చిందని అర్థం. మిగతావి పరుగు లంకించుకుంటాయి. దీని పక్కన మీరు కదలకుండా నిలబడితే మీరు ధైర్యంగా ఉండారని అనుకోదు తల్లీ, చిరుత వచ్చిందనుకుంటాది. భయమైతే ఊపిరి బయటికి వదలండి, ఏదో ఒకటి మాట్లాడండి. పిల్లలకు కూడా చెప్పండి."

చెప్పాను. ఇంట్లో కూడా చెప్పాలనుకున్నాను. మామగారికి ఎలా చెప్పాలి? ఆయన పాటించిన ఆ పద్ధతి వల్లే నా కొడుకు బతికున్నాడు.

ఈ ఆదివారం మామగారు తనంతట తానే వస్తానన్నారు. "గుర్రం దగ్గర వాడు ఎట్ల ఉంటాడో నేనూ చూస్తాను" అని ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. బస్సులో మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. తోటకు రాగానే గుర్రాన్ని కిందినుంచి పైదాకా చూసి, "ఇది కాలెత్తితే వీడేమైతాడమ్మా?" అని నన్నే అడిగారు. మేడమ్ నవ్వి, "కాలెత్తే వయసు అయిపోయిందప్పా దీనిది, మీ మాదిరే" అన్నారు. ఆయనా నవ్వారు. తర్వాత వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు.

ఇక మళ్ళీ ఆ క్షణానికి వస్తాను.

చుట్టుకున్న తాడు చూశాను. "నాన్నా, తాడు" అని నెమ్మదిగా చెప్పాలని నోరు తెరిచాను. అప్పుడు నేల అదిరింది. ముందు అరికాళ్ళకు తెలిసింది, తర్వాత చెవులకు. ఎక్కడో తోటల అవతల, రాళ్ళ క్వారీలో పేల్చారు. ఆదివారాలు అక్కడ పని ఉండదని మేడమ్ ఎప్పుడూ చెబుతారు. ఈ రోజు ఉంది.

వెనక నుంచి "ష్" అని వినిపించింది. తిరిగి చూడకుండానే మామగారి చెయ్యి లేచిందని నాకు తెలుసు. నా కూతురు ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. అంత విన్నదాన్ని, అంత తెలిసినదాన్ని, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాను. ఇసుకలో మావాడు ఆగిపోయాడు, భుజాలు చెవుల దాకా ఎత్తి, పెదాలు లోపలికి మడిచి. ఆ ముసలి గుర్రం చుట్టూ మేము నలుగురం, ఊపిరి లేకుండా.

గుర్రం కళ్ళు తెరిచింది. వేలాడుతున్న పెదవి బిగిసింది. తల పైకి లేచింది, ఇంకా పైకి లేచింది, దాంతోపాటు వాడి చెయ్యి కూడా. చెవులు రెండూ మా వైపు తిరిగాయి. క్వారీ వైపు కాదు, మా వైపు. ముక్కుపుటాలు విచ్చుకొని బుసకొట్టింది. ఒక్కసారి పక్కకు జరిగేసరికి వాడు ఇసుకలో జారి, మోకాళ్ళ మీద పడబోయి నిలదొక్కుకున్నాడు. తాడు కర్రలాగా బిగుసుకుంది.

"గట్టిగా పట్టుకోరా!" మామగారు బెంచీ మీదినుంచి లేచారు. "ఇడవొద్దు నాయనా, ఇడవొద్దు!"

వాడు తాత మాట విన్నాడు. రెండో చేత్తో కూడా తాడు పట్టుకున్నాడు.

నేను కంచె మీద కాలు పెట్టాను.

"దిగండి." మేడమ్ గొంతు అది. అరుపు కాదు, పాలు పిండుతూ పక్కవాళ్ళతో మాట్లాడినంత మెల్లగా. ఆవిడ తొట్టి దగ్గరినుంచి నేరుగా రావట్లేదు, చుట్టూ తిరిగి, అటెటో పోతున్నట్టు నడుస్తున్నారు. "ఎవరూ పరుగెత్తొద్దు. ఎవరూ ఆగొద్దు. ఊపిరి వదలండి. మాట్లాడండి."

"ఏం మాట్లాడాల మేడమ్?" అన్నాను కంచె దిగుతూ.

"ఏదైనా. పొద్దున ఏం తిన్నారు?"

గుర్రం ఇంకో అడుగు వెనక్కి వేసింది. వాడు ఇంకో అడుగు ఈడ్చుకుపోయాడు.

నా కూతురే ముందు మాట్లాడింది. ఇన్నాళ్ళూ ఇంకొకరి మాటలు మోసిన పిల్ల కదా, దానికి నోరు తొందరగా తిరిగింది. "సంగటి తిన్నాము! సంగటి, పితికిపప్పు తిన్నాము!"

"పితికిపప్పా! అనపకాయలు బాగా వచ్చినాయే మీ వైపు?" మేడమ్ నడుస్తూనే ఉన్నారు. "పెద్దాయనా, మీరు చెప్పండి. ఎట్ల ఉండింది?"

మామగారి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దాన్ని అప్పుడే చూసుకున్నట్టు చూసుకున్నారు. కిందికి దించారు. గొంతు సవరించుకున్నారు.

"ఉప్పెక్కువ."

"ఎవరు చేసినారు?"

"మా కోడలు."

"వినపడ్తా ఉండాదా అమ్మా కోడలా? మీ మామ ఏమంటా ఉండాడో చూడు. ఊరుకుంటావా?"

పెళ్ళయినప్పటినుంచి మామగారికి నేను ఎదురు చెప్పింది లేదు. "రెండుసార్లు పోయించుకొని తిన్నారు కదా మామా!" అన్నాను. గట్టిగానే అన్నాను. అనగానే బిగబట్టిన ఊపిరి బయటికి పోయింది.

"ఆకలైతే ఏం చేసేది? తినకుండా లేచిపోయేదా?"

"అప్పుడే చెప్పుంటే తగ్గించేదాన్ని."

"చెప్తే మీ అత్త నా మీదికే వచ్చేది. కోడల్ని ఏమన్నా అననిస్తాదా అది?"

"ఉప్పు వేసింది అమ్మ కాదు తాతా, అవ్వ" అని నా కూతురు అందుకుంది. "అమ్మ పప్పు పితికింది అంతే. నేను చూసినాను."

"చూడమ్మా, ఎట్ల అబద్ధాలాడతా ఉండాదో వాళ్ళమ్మ పక్కన చేరి!"

గుర్రం ఒక చెవి వెనక్కి తిప్పింది. తల కొంచెం, వేళ్ళతో కొలిచేంత మాత్రం, దిగింది. తాడులో బిగువు సడలిందో లేదో ఆ దూరం నుంచి నాకు తెలియడం లేదు. మావాడి పెదాలు ఇంకా లోపలికి మడిచే ఉన్నాయి. మేడమ్ గుర్రం భుజం పక్కకు దాదాపు చేరుకున్నారు. ఇంక ఏ మాట అనాలో తోచక నేను "ఉప్పెక్కువైతే నిమ్మకాయ పిండుకోవచ్చు కదా" అని ఏదో అర్థంలేని మాట అంటూ ఉండగా, ఇసుక మధ్యలోంచి వినిపించింది.

"ఉప్పే లేదు."

గరగరమన్న గొంతు. మాసాల తరబడి వాడని గొంతు. ఎవరిదో తెలియడానికి నాకు ఒక లిప్త పట్టింది.

"ఉప్పే లేదు తాతా" అన్నాడు వాడు మళ్ళీ, తాత వైపు తిరగకుండా, గుర్రం ముఖంలోకే చూస్తూ. "చప్పగా ఉన్నింది."

నా కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామగారు మాట మరిచిపోయారు. మళ్ళీ మేమంతా ఆగిపోబోయాం.

"ఆపొద్దు, ఆపొద్దు" అన్నారు మేడమ్, అదే గొంతుతో. "పెద్దాయనా, పిలగాడు లేదంటా ఉండాడు. ఒప్పుకుంటారా?"

"ఎట్ల... ఎట్ల ఒప్పుకునేది?" మామగారి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం తగాదాకు దిగినట్టే ఉంది. "వీని నాలికకు ఏం తెలుసు! ఉప్పు కషాయమట్ల ఉన్నింది పప్పు!"

గుర్రం తల దించింది. పెద్దగా ఊపిరి వదిలింది. దవడ ఆడించి పెదాలు నాక్కుంది. అదే దాని భయం దిగిన గుర్తని అంతకుముందు మేడమ్ చెప్పి ఉన్నారు.

"ఇప్పుడు చెయ్యి చూసుకో నాయనా" అన్నారు ఆవిడ. "ఒక్కొక్క చుట్టే తియ్. తొందర లేదు."

వాడు ఎడమచేత్తో మొదటి చుట్టు తీశాడు. ఈగ వాలి గుర్రం తల విదిలించింది. తాడు మళ్ళీ లాగబడింది, నేను "నిమ్మకాయ, నిమ్మకాయ" అంటూనే ఉన్నాను. వాడు ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఆఖరి చుట్టు ఊడి తాడు ఇసుకలో పడింది. అప్పుడు మేడమ్ దాన్ని అందుకున్నారు. నేను కంచె ఎలా దాటానో గుర్తులేదు.

వాడి మణికట్టు చుట్టూ ఎర్రగా, కమిలినట్టు వాతలు తేలాయి. వేళ్ళు అన్నీ కదులుతున్నాయా అని ఒక్కొక్కటీ వంచి చూశాను. కదులుతున్నాయి. మామగారు వచ్చి ఇసుకలో వాడి ముందర కూలబడ్డారు. ఇస్త్రీ చొక్కా అంతా మట్టి.

"ఇడవొద్దనిన మాట గుంతకు చెప్పిందిరా" అన్నారు. "ఆ పొద్దుకు మాత్రమే చెప్పింది. నేను మళ్ళీ నీకు ఇడవమని చెప్పనే లేదు కదరా. మరిచేపోయినాను."

వాడు తాత చొక్కాకు అంటిన ఇసుక దులిపాడు. ఏమీ అనలేదు.

తిరుగు ప్రయాణంలో కూడా ఏమీ అనలేదు. ముళబాగిలులో బస్సు మారేటప్పుడు అక్క చెవిలో ఏదో గొణిగాడు. "వీనికి ఆకలంట" అంది అది. మేము పెద్దవాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఇల్లు చేరగానే అత్తగారు ఆ చెయ్యి చూశారు. "అయ్యో, ఏమైంది బిడ్డకు? చేతిని పెరికి ఇచ్చినారే!" వెన్న రాశారు, దిష్టి తీశారు, నన్ను తిట్టారు. వాడు మాట్లాడాడని నా కూతురు చెబితే నమ్మలేదు. "ఏదీ, నా ముందర ఒక్క మాట అనమను." వాడు అనలేదు. సెలవు రోజున కూడా ఆఫీసు పనికి వెళ్ళి వచ్చిన మా ఆయన అన్నం ముందు కూర్చొని ఆ వాతలు చూసి, చెయ్యి కడిగేసుకున్నాడు. "ఇంగ చాలు" అన్నాడు. "ఒక మాట కోసరం చెయ్యి పోగొట్టుకుంటాడా వీడు?"

మామగారు గడప దగ్గర కూర్చొని, బయటికి చూస్తూ అన్నారు, "పోవద్దులేమ్మా. కింద ఎంతమందినో తీసినాను, వీణ్ణి ఒకసారి తీసినాను. ఇంగ నాకు చాతకాదు. ఇంకొకసారి చూసేదానికి నాకు చాతకాదు."

అందరూ పడుకున్నాక ఇది రాయడానికి కూర్చున్నాను. మధ్యలో రెండు మూడుసార్లు లేచి వెళ్ళి పిల్లల ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఆ గుంత తర్వాత నాకు పట్టిన అలవాటు ఇది. వాడి మణికట్టు దుప్పటి బయట ఉంది. వాతలు తగ్గలేదు. వాడు మళ్ళీ మాట్లాడతాడని నాకెవరూ హామీ ఇవ్వలేదు. గుర్రం మళ్ళీ బెదరదని మేడమ్ కూడా అనలేదు. వచ్చేటప్పుడు నేను అడిగితే, "బెదురుతాది. అది గుర్రం కదా" అన్నారు. మామగారు కోరినట్టు ఇంట్లోనే ఉంచితే వాడికి దెబ్బ తగలదు. తాడూ ఉండదు, గిట్టలూ ఉండవు. అక్క చెవి ఉంటుంది. అది పెద్దదయ్యేదాకా ఉంటుంది, ఆ తర్వాత ఏమిటో నాకు తెలియదు. ఈ రెండింటిలో దేనికి ఎక్కువ భయపడాలో ఇంతసేపూ కాగితం మీద తేల్చుకోలేకపోయాను. ఇక్కడినుంచి మర్నాడు రాస్తున్నాను, తెల్లవారాక కూడా అంతా తేలిందని కాదు.

పొద్దున, మా ఆయన రైలుకు వెళ్ళిపోయాక, పిల్లలిద్దరినీ బడికి తయారుచేసి వంటింట్లో నా ముందర కూర్చోబెట్టుకున్నాను. మామగారు గడప దగ్గరే ఉన్నారు, వినపడుతుందని తెలిసే చెప్పాను. "వచ్చే ఆదివారం మళ్ళీ నంగలికి పోదాము. రాత్రి నాయనతో ఇంకోసారి మాట్లాడతాను. క్వారీలో మళ్ళీ పేల్చొచ్చు, గుర్రం మళ్ళీ బెదరొచ్చు, అట్ల కాదని నేను మీకు చెప్పలేను. నాకు చాలా భయంగా ఉంది. తాతకు నాకంటే ఎక్కువ భయంగా ఉంది. కానీ ఈసారి నేల అదిరితే నేను ఆగను, నోటికొచ్చింది మాట్లాడతాను. మీకు మాట్లాడాలనిపిస్తే మీరూ మాట్లాడండి. లేకపోతే నా మాటలు వింటా ఉండండి, అదీ చాలు."